తప్పు జరగలేదంటే దాన్ని దిద్దే జీవో రాదు: ఉమ్మడి వరంగల్ జిల్లా నాయకులకు బహిరంగ లేఖ

ఉమ్మడి వరంగల్ జిల్లా మంత్రులు, ఎంపీలు, ఎమ్మెల్యేలు, ఎమ్మెల్సీలు, మాజీ ప్రజాప్రతినిధులు, అన్ని పార్టీల జిల్లా అధ్యక్షులకు,

నమస్కారం.

ఇందులోని విషయాలు మీలో చాలామందికి ఇదివరకే విడివిడి అర్జీలుగా ఇచ్చాం. కొన్నింటికి రసీదులు వచ్చాయి. జవాబు మాత్రం ఒక్కదానికీ రాలేదు. అందుకే అన్ని పార్టీలకూ ఒకే కాగితం మీద, అందరూ చదివేలా రాస్తున్నాం. ఈ లేఖ రాసిన మేం వ్యవసాయ, రెవెన్యూ, సాగునీటి శాఖల్లో, సహకార బ్యాంకుల్లో పనిచేసి దిగినవాళ్లం. హైదరాబాద్‌లో వెలువడ్డ జీవో ఊరికి చేరేసరికి ఏమవుతుందో తెలిసినవాళ్లం. మా గురించి ఇంతకు మించి చెప్పేదేం లేదు.

మీరు మాట మార్చారన్నది మా ఫిర్యాదు కాదు. వాన మారుతుంది, ధర మారుతుంది, ఢిల్లీ లెక్కలు మారతాయి. వాటితో పాటు నిర్ణయమూ మారాలి, మార్చనివాడే మొండివాడు. మార్చినప్పుడు మార్చామని రాసివ్వకపోవడమే మా ఫిర్యాదు. ఇది పెద్దమనిషి తరహాకు సంబంధించిన ముచ్చట అనుకోవద్దు, అచ్చంగా పాలనకు సంబంధించింది. తప్పు జరగలేదని ప్రభుత్వం అంటున్నంతకాలం దాన్ని దిద్దే జీవో రాదు. జీవో లేనిదే బడ్జెట్‌లో పద్దు ఉండదు. కింది అధికారికి అధికారం రాదు, కంప్యూటర్‌లో ఆ ఆప్షనే కనపడదు. కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకునే ప్రజావాణిలో క్యూ కట్టిన ముసలమ్మకు "మా చేతిలో లేదమ్మా" అన్న మాట వినపడేది ఇందుకే. ఆ గుమస్తా అబద్ధమాడడం లేదు.

ఆరు సంగతులు చూపిస్తాం. ఇందులో ఏ పార్టీకీ మినహాయింపు లేదు. వెనకటి పాలకులంటే 2023 డిసెంబర్ దాకా ఏలిన బీఆర్‌ఎస్, ఇప్పటి పాలకులంటే కాంగ్రెస్.

1. పాసుబుక్కులో పడ్డ అచ్చుతప్పు

2020 సెప్టెంబర్‌లో వీఆర్వో వ్యవస్థ రద్దయింది. అక్టోబర్ 29న భూముల పోర్టల్ ధరణి మొదలైంది. రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ ఒకే పూటలో, ఒకే ఆఫీసులో అయిపోవాలన్న ఆలోచన మంచిదే. తగాదా లేని భూమికి అది పనిచేసింది కూడా. చిక్కంతా మిగిలినవాళ్లది: పేరు తప్పు పడ్డవాళ్లు, రెండు గుంటలు తక్కువ ఎక్కినవాళ్లు, సర్వే నంబరే ఎక్కనివాళ్లు, సొంత పట్టా భూమి నిషేధిత జాబితాలో తేలినవాళ్లు. రికార్డుల ప్రక్షాళన అయిపోయింది, సమస్యల్లేవు అన్నది అప్పటి అధికారిక మాట. సమస్యే లేనప్పుడు దిద్దుబాటు ఎందుకుంటుంది? తాసిల్దారు తన కళ్ల ముందున్న అక్షరదోషాన్ని కూడా దిద్దలేకపోయాడు. తర్వాత ఒక్కొక్కటిగా మాడ్యూళ్లు వచ్చాయి. పేరు, విస్తీర్ణం వంటి సవరణలకు టీఎం 33 అన్న దరఖాస్తు పెట్టారు. అదీ కలెక్టర్ దాకా పోవాల్సి వచ్చేది. అచ్చుతప్పు దిద్దడానికి జిల్లా కలెక్టర్!

ఊళ్లో దీని అర్థం ఏమిటంటే, తప్పు పడ్డ భూమికి రైతుబంధు (ఎకరం లెక్కన ఇచ్చిన పెట్టుబడి సాయం) పడలేదు, బ్యాంకు పంటరుణం ఇవ్వలేదు, బిడ్డ పెండ్లికి అమ్ముకుందామంటే రిజిస్ట్రేషన్ కాలేదు. పాసుబుక్కు లేకుండానే ఆ రైతు కన్నుమూస్తే ఇంటివాళ్లకు రైతుబీమా 5 లక్షలు కూడా అందలేదు.

సాదా బైనామాల (తెల్ల కాగితం మీద రాసుకున్న భూమి కొనుగోళ్ల) సంగతి ఇంకా విచిత్రం. 2020 అక్టోబర్, నవంబర్‌లలో దరఖాస్తులు పిలిస్తే సుమారు 9 లక్షలు వచ్చాయి. ఆ నడుమనే 1971 నాటి ఆర్‌వోఆర్ (భూ హక్కుల రికార్డుల) చట్టం పోయి కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. తెల్ల కాగితం మీది కొనుగోళ్లను క్రమబద్ధం చేసే సెక్షన్ ఆ కొత్త చట్టంలో లేదు. వ్యవహారం హైకోర్టులో చిక్కుకుంది. ఒక్క సవరణ తెస్తే సరిపోయేది. కానీ సవరణ తెస్తే చట్టం రాసినప్పుడు మరిచామని ఒప్పుకున్నట్టు అవుతుంది. ఆ సెక్షన్ రావడానికి 2025 దాకా, అంటే ప్రభుత్వం మారి కొత్త చట్టం వచ్చేదాకా, ఆగాల్సి వచ్చింది.

2025 ఏప్రిల్ 14న ధరణి బదులు భూభారతి మొదలైంది. ముందుగా ప్రయోగానికి ఎంచుకున్న 4 మండలాల్లో మన ములుగు జిల్లా వెంకటాపూర్ ఒకటి. దిద్దే అధికారం కొంత కిందికి దిగింది, అప్పీలుకు దారి ఏర్పడింది. అంతవరకు బాగుంది. ఇప్పటి పాలకులను అడిగేది ఒక్కటే: రెవెన్యూ సదస్సుల్లో తీసుకున్న అర్జీల్లో ఎన్ని తిరస్కరించారో, ఏ కారణంతో తిరస్కరించారో మండలాలవారీగా గోడ మీద అంటించండి. పరిష్కరించిన అర్జీల లెక్క మాత్రమే చెప్పి ఊరుకుంటే, సమస్యల్లేవన్న పాత పాటే కొత్త పేరుతో మొదలవుతుంది.

2. మాట విన్న రైతే మునిగిన రెండు పంటలు

2020 మేలో నియంత్రిత సాగు అన్నారు. వానాకాలం మక్కలు వద్దు, పత్తి పెంచండి, కంది పెంచండి, సన్న వడ్లు వేయండి, చెప్పిన పంట వేస్తేనే రైతుబంధు అన్నారు. మక్క విత్తనం ఎకరానికి 8 కిలోలు. జూన్‌లో తొలకరికి పెట్టాలి, జూలై నడిమికి అదును దాటిపోతుంది. కాబట్టి సర్కారు మాట విన్న రైతుకు ఆ మాట నెల తర్వాత మారినా చేసేదేం ఉండదు. పంట చేతికొచ్చాక ఏమైంది? వద్దన్న మక్కలనే క్వింటాలు 1,850 రూపాయల మద్దతు ధరకు కొంటామన్నారు. కొనడం సరైన పనే. వేయమన్న సన్న వడ్లకేమో దిగుబడి తక్కువ, తెగులు ఎక్కువ. ధర మాత్రం ఏ గ్రేడు మద్దతు ధర 1,888 దగ్గరే ఆగింది. అది దొడ్డు రకానికి ఇచ్చే 1,868 మీద 20 రూపాయలే ఎక్కువ. డిసెంబర్ చివర్లో నియంత్రిత సాగు ఇక లేదు, ఎవరికి నచ్చింది వాళ్లు వేసుకోవచ్చన్నారు. మా అంచనా తప్పిందన్న వాక్యం ఎక్కడా లేదు. ఆ వాక్యం ఉంటే, సర్కారు సలహా పాటించి నష్టపోయినవాళ్ల జాబితా తయారు చేయమని ఏఈవోలకు (వ్యవసాయ విస్తరణ అధికారులకు) ఆదేశం వెళ్లేది. ఏ క్లస్టర్‌లో ఎవరు ఏ పంట వేశారన్న నమోదు వాళ్ల దగ్గరే ఉంది.

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనయన్న సామెత అక్కడితో ఆగలేదు. మరుసటేడు యాసంగికి వరి వద్దన్నారు, కొనుగోలు సెంటర్లు పెట్టమన్నారు. దాని వెనక నిజమైన సాంకేతిక కారణం ఉంది. యాసంగి వడ్లు ఏప్రిల్, మే ఎండలకు గింజలోపల పగులుతాయి. పచ్చివిగా మర పట్టిస్తే నూకలు ఎక్కువొస్తాయి. అప్పటి నిబంధన ప్రకారం ఎఫ్‌సీఐకి (భారత ఆహార సంస్థకు) క్వింటాలు వడ్లకు 67 కిలోల బియ్యం అప్పజెప్పాలి, అందులో నూకలు 25 శాతం దాటొద్దు. ఉడకబెట్టి పట్టిస్తే గింజ విరగదు. కానీ ఆ ఉప్పుడు బియ్యం ఇక తీసుకోమని కేంద్రం అన్నది. ఇది రైతుకు అర్థం కాని లెక్కేం కాదు. ఒక కరపత్రంలో పడుతుంది. ఆ కరపత్రం రాలేదు. వచ్చినవి ఢిల్లీ మీద ధర్నాలు, ఇక్కడి ధర్నాలకు పోటీ ధర్నాలు. 2022 ఏప్రిల్ 12న రాష్ట్ర ప్రభుత్వమే వడ్లన్నీ కొంటామన్నది. ఆ తేదీ చూడండి. యాసంగి నారు పోసేది నవంబర్, డిసెంబర్‌లలో, నాట్లు జనవరి, ఫిబ్రవరిలకు అయిపోతాయి. ఏప్రిల్ 12 నాటికి కోతలు నడుస్తుంటాయి. సర్కారు చెప్పిందని పొలం బీడు పెట్టినవాడికి ఆ ప్రకటన దేనికి పనికొచ్చింది? వినకుండా వేసినవాడి వడ్లు కాంటాకెక్కాయి. ఆ తర్వాత మా ఊళ్లలో వ్యవసాయ అధికారి ఏం చెప్పినా రైతులు నవ్వి ఊరుకుంటున్నారు. ఆ నవ్వు అధికారిని చూసి కాదు.

వడ్ల మీద ఇప్పటి పాలకుల లెక్కా ఉంది. ఎన్నికల గ్యారంటీలో వరికి క్వింటాలుకు 500 బోనస్ అన్నారు. 2024 వానాకాలం నుంచి సన్నాలకే అన్నారు. దొడ్డు రకాలకు ఇవ్వలేకపోతే ఎందుకివ్వలేరో చెప్పొచ్చు, గట్టి కారణాలే ఉండొచ్చు. "మేం మొదటి నుంచీ సన్నాలకే అన్నాం" అనడమే కుదరదు.

3. డిక్లరేషన్‌లోని మాట, జీవోలోని మాట

2022 మే 6న హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ మైదానంలో కాంగ్రెస్ వాళ్లు రైతు డిక్లరేషన్ చదివారు. 2 లక్షల రుణమాఫీ, రైతులకూ కౌలుదార్లకూ ఎకరానికి 15,000, ఉపాధి హామీలో నమోదైన భూమిలేని కూలీలకు 12,000. ఇది మన గడ్డ మీద ఇచ్చిన మాట కాబట్టి దీని లెక్క అడిగే హక్కు మనకు కొంచెం ఎక్కువే.

రుణమాఫీకి సభల్లో చెప్పిన తేదీ 2023 డిసెంబర్ 9. అది 2024 ఆగస్టు 15 అయింది. జూలై 18, జూలై 30, ఆగస్టు 15 తేదీల్లో మూడు విడతలు, నవంబర్ 30న నాలుగో విడత నడిచాయి. అన్నీ కలిపి సుమారు 25 లక్షల మందికి 20,600 కోట్ల రూపాయలు. ఇది చిన్న మొత్తం కాదు, ఒప్పుకుంటాం. అయితే జూన్‌లో మంత్రివర్గం చెప్పిన అంచనా 31,000 కోట్లు. నడుమ మిగిలిన 10,000 కోట్ల పైచిలుకు ఎక్కడ తగ్గిందో రైతుకు అర్థమయ్యేలా ఎవరూ విడమరిచి చెప్పలేదు. మాకు తెలిసిన కారణాలు ఇవి: కుటుంబాన్ని తేల్చడానికి రేషన్ కార్డు చూశారు, కానీ ఏళ్ల తరబడి కొత్త కార్డులు రాక వేరుపడ్డ కొడుకులు తండ్రి కార్డులోనే ఉండిపోయారు. ఆధార్‌లో ఒక పేరు, బ్యాంకులో ఒక పేరు. రీషెడ్యూలైన అప్పులు, గ్రూపు అప్పులు లెక్కలోకి రాలేదు.

అన్నింటికన్నా నొప్పి కలిగించేది 2024 జూలై 15 జీవోలోని ఒక వాక్యం. అప్పు 2 లక్షలు దాటితే పైమొత్తం ముందు రైతు కట్టాలి, ఆ తర్వాత 2 లక్షలు ఇస్తామని అందులో ఉంది. జీవోను నమ్మడం తప్పా? లెక్క వేద్దాం. బ్యాంకులో 2,35,000 అప్పున్న రైతు 35,000 బయట తెచ్చి కట్టాడనుకోండి. నూటికి 2 రూపాయల మిత్తి అంటే నెలకు 700, ఏడాదికి 8,400. తర్వాత 2025 మార్చి శాసనసభ సమావేశాల్లో 2 లక్షలు దాటినవాళ్లకు మాఫీ వర్తించదన్న మాట ప్రభుత్వం నోటి నుంచే వచ్చింది. అంటే ఆ రైతు అప్పు పోలేదు, పైగా కొత్త అప్పు మిగిలింది. మాఫీ వస్తుందని పాత అప్పు రెన్యువల్ చేయనివాళ్లకు గడువులో కడితే వచ్చే 3 శాతం వడ్డీ రాయితీ కూడా పోయింది. ఇక్కడ ప్రభుత్వం రాయాల్సింది ఒక్క పేరా: మా జీవోను నమ్మి పైమొత్తం కట్టినవాళ్లు ఇంతమంది, వాళ్లకు ఇది చేస్తాం. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో కట్టిన తేదీ ఉంటుంది, 2024 జూలై 15 తర్వాత ఎవరు కట్టారో మీట నొక్కితే తెలుస్తుంది.

పెట్టుబడి సాయం (రైతు భరోసా) 15,000 కాస్తా 2025 జనవరి 26 నుంచి 12,000 అయింది. కౌలుదారు ఊసు పోయింది. కూలీలకు 12,000 ఇచ్చే పథకానికి రెండు షరతులు వచ్చాయి: గుంట భూమి కూడా ఉండొద్దు, 2023-24లో ఉపాధి పని 20 రోజులు చేసి ఉండాలి. ఈ రెండు పథకాలు పక్కపక్కన పెట్టండి. ఎకరానికి 40 గుంటలు కాబట్టి గుంటకు ఏడాదికి 300 రూపాయలు. తాత ముత్తాతల నుంచి 5 గుంటలు వచ్చిన కూలీకి రైతు భరోసా 1,500. ఏమీ లేని పక్కింటి కూలీకి 12,000. ఆ 5 గుంటలు ఆ మనిషికి 10,500 రూపాయల శిక్ష. ఇది ఎవరో కావాలని చేసింది కాదు, రెండు ఫైళ్లు రెండు శాఖల్లో తయారైనప్పుడు జరిగే పొరపాటు. పొరపాటని ఒప్పుకుంటే అర పేజీ సవరణతో పోతుంది.

వెనకటి పాలకులు ఈ విషయంలో పెద్దగా గొంతెత్తే స్థితిలో లేరు. 2018 ఎన్నికల్లో చెప్పిన లక్ష రూపాయల మాఫీలో పెద్ద భాగం 2023 ఆగస్టులో, మళ్లీ ఎన్నికల ముంగిట కదిలింది. ఆ ఐదేళ్ల మిత్తి ఎవరు కట్టారో అందరికీ తెలుసు.

4. ప్లాటు కొన్నవాడి జేబు, రెండు పార్టీల రెండు నాలుకలు

మాట నిలకడ గురించి ఎవరికైనా చెప్పాలంటే ఎల్‌ఆర్‌ఎస్‌ను (అనుమతిలేని లేఅవుట్ల క్రమబద్ధీకరణ పథకాన్ని) మించిన ఉదాహరణ మాకు దొరకలేదు. 2020 ఆగస్టు 26న అనుమతిలేని లేఅవుట్ల ప్లాట్ల రిజిస్ట్రేషన్ ఆపారు. 31న జీవో 131 వచ్చింది. ప్లాటుకు దరఖాస్తు రుసుము 1,000. రాష్ట్రమంతటా 25 లక్షలకు పైగా దరఖాస్తులు. అప్పటి ప్రతిపక్షం ఇది పేదల దోపిడీ, రద్దు చేయాలి, ఉచితంగా చేయాలన్నది. అధికారంలోకి వచ్చాక అదే పార్టీ 25 శాతం రాయితీ ఇచ్చి మిగతా కట్టమన్నది. ఫీజు పెట్టిన పార్టీయేమో ప్రతిపక్షంలోకి రాగానే ఉచితంగా చేయాలని ధర్నాకు కూచున్నది. ఓడ దాటేదాకా ఓడ మల్లన్న, దాటినాక బోడ మల్లన్న. ఇక్కడ రెండు ఓడలు ఎదురెదురుగా దాటాయి, అంతే తేడా.

నడుమ నలిగింది హనుమకొండ, కాజీపేట శివార్లలో 150, 200 గజాలు కొన్న చిరుద్యోగి, ఆటో డ్రైవర్, గల్ఫ్ నుంచి పైసలు పంపిన కుటుంబం. లేఅవుట్‌లో ఖాళీ స్థలం వదలకుంటే ప్లాటు విలువలో 14 శాతం దానికే కట్టాలి. విలువ 4,00,000 అయితే 56,000, రాయితీ పోను 42,000. క్రమబద్ధీకరణ చార్జీ వేరే. ఉచితం చేస్తామన్న మాట విని ఏళ్లపాటు ఆగినవాడికి ఆ నడుమ ఇంటి పర్మిషన్ రాలేదు, బ్యాంకు లోన్ రాలేదు, సిమెంటు ధర ఆగలేదు. ఫీజు న్యాయమా అన్యాయమా అన్నది వేరే చర్చ. పార్కు, రోడ్డు వదలకుండా అమ్ముకున్న రియల్టర్‌ను వదిలి కొన్నవాడిని పట్టుకోవడం మా దృష్టిలో సగం న్యాయమే. కానీ ఏదో ఒక మాట మీద రెండు పార్టీలూ నిలబడితే ఆ మనిషి ఒక నిర్ణయం తీసుకునేవాడు.

5. కాజీపేట, బయ్యారం

ఇక్కడ అందరూ కలిసి ఒక చిన్న పదం దాచిపెట్టారు. 2014 విభజన చట్టం 13వ షెడ్యూల్‌లో రైలు కోచ్ ఫ్యాక్టరీ గురించి, ఉక్కు కర్మాగారం గురించి ఉన్నది "సాధ్యాసాధ్యాలు 6 నెలల్లో పరిశీలించాలి" అని. ఇస్తామని లేదు. రాష్ట్ర నాయకులు "చట్టంలో ఇచ్చిన హామీ" అంటూ వచ్చారు. కేంద్రం వాళ్లు ఇప్పుడున్న ఫ్యాక్టరీలు చాలు, కొత్తది అవసరం లేదన్నారు. సరేలే అనుకుంటే 2018లో మహారాష్ట్రలోని లాతూర్‌లో కోచ్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. 1980లలో మన చేతికి రావాల్సింది పంజాబ్‌లోని కపుర్తలాకు పోయిన సంగతి కాజీపేటలో ముసలివాళ్లింకా మరవలేదు. 2023 జూలై 8న ప్రధాని వరంగల్‌కు వచ్చి వ్యాగన్ల తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేశారు. మంచిదే. తర్వాత అక్కడే కోచ్‌లు కూడా తయారు చేస్తామన్నారు. విభజన చట్టంలో చెప్పిన కోచ్ ఫ్యాక్టరీ అదేనా, కాదా? ఆ ఒక్క మాట తేల్చి చెబితే ఐటీఐ పిల్లలు ఏ ట్రేడు చదవాలో వాళ్లే చూసుకుంటారు. ఉక్కు కర్మాగారానికి బయ్యారం ఇనుప ఖనిజం నాణ్యత చాలదంటున్నారు. అది నిజమైతే పరీక్షల రిపోర్టును మహబూబాబాద్ కలెక్టరేట్‌లో తెలుగులో పెట్టి, ఇక ఎన్నికలకు ఆ పేరెత్తడం మానేయండి.

6. మేడిగడ్డ ఏడో బ్లాకు

2023 అక్టోబర్ 21 సాయంత్రం కాళేశ్వరం ప్రాజెక్టులోని మేడిగడ్డ బ్యారేజీ ఏడో బ్లాకులో 20వ పియర్ (స్తంభం) కుంగింది. 85 గేట్లు, 16.17 టీఎంసీల నిల్వ. ఇసుక మీద కట్టిన బ్యారేజీ నీళ్లు మళ్లించడానికి. దాన్ని రిజర్వాయర్‌లా నిండుగా నిలబెడితే పునాది కింద ఊట ఒత్తిడి పెరిగి ఇసుక సన్నసన్నగా జారిపోతుంది, పైకి ఏమీ కనపడదు. అందుకే ప్రతి వరద తర్వాత నీళ్లు దించి దిగువ ఆప్రాన్ (రక్షణ పరుపు), సీసీ (సిమెంటు కాంక్రీటు) బ్లాకులు చూడాలి, నది అడుగు లోతు కొలవాలి. 2019లో ప్రారంభమైన ఏడాదే దిగువ బ్లాకులు చెదిరాయి. జాతీయ డ్యామ్ భద్రతా సంస్థ నిపుణులు తర్వాత డిజైన్‌లో, నాణ్యతలో, నిర్వహణలో లోపాలు చూపించారు. తొలి దెబ్బనే దెబ్బ అని ఒప్పుకుని ఉంటే మరమ్మతు లక్షల్లోనో కోట్లలోనో ముగిసేదేమో. ప్రపంచంలోనే గొప్ప ప్రాజెక్టు అని రోజూ చెబుతున్నప్పుడు గేట్లెత్తి నీళ్లు దించమని ఏ ఇంజనీరు ఫైలు పెడతాడు?

ఇప్పుడు ఒకరు ఒక్క బ్లాకు కుంగితే ఇంత రాద్ధాంతమా అంటారు, మరొకరు లక్ష కోట్లు గోదాట్లో కలిశాయంటారు. మొదటివారు 2023 అక్టోబర్‌కు ముందటి తనిఖీ రిపోర్టులన్నీ చూపించాలి. రెండోవారు మొత్తం పోయిందంటూనే దేనిని వాడుకుంటున్నారో, దేనికి ఖర్చు పెడుతున్నారో విడదీసి చెప్పాలి. తొర్రూరు, మరిపెడ దిక్కున ఎస్సారెస్పీ (శ్రీరాంసాగర్) రెండో దశ కాలువ చివరన ఉన్న రైతుకు మేడిగడ్డ మీద వేసిన విచారణ కమిషన్ రిపోర్టులోని పేరాలు అక్కరలేదు. ఈ యాసంగికి వారబందీలో (వంతులవారీ నీటి విడుదలలో) తన తూముకు ఎన్ని తడులు వస్తాయో కావాలి.

ఒప్పుకుంటే కొంపలు మునుగుతాయని మీరు భయపడతారు కాబట్టి రెండు పాత సంగతులు గుర్తుచేస్తాం. 1956 సెప్టెంబర్‌లో మన మహబూబ్‌నగర్ దగ్గర రైలు ప్రమాదం జరిగితే రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇచ్చారు, నెహ్రూ ఒప్పుకోలేదు. నవంబర్‌లో అరియలూర్ ప్రమాదం తర్వాత మళ్లీ ఇచ్చారు, ఈసారి ఆమోదించారు. ఎనిమిదేళ్లకు ఆయన ప్రధాని అయ్యారు. రెండోది, 2021 నవంబర్ 19న ప్రధాని మూడు సాగు చట్టాలు వెనక్కి తీసుకుంటూ క్షమాపణ చెప్పారు. అయితే ఆ క్షమాపణ చట్టాలకు కాదు, కొందరు రైతులకు నచ్చజెప్పలేకపోయినందుకు. మాకు కావాల్సింది ఆ రెండో రకం కాదు. దానివల్ల దిద్దాల్సింది ఏమిటో తేలదు. 2009లో తెలంగాణ ఇస్తామన్న డిసెంబర్ 9 ప్రకటనకు, దాన్ని వెనక్కి లాగిన డిసెంబర్ 23 ప్రకటనకు నడుమ 14 రోజుల్లో మాట ఎలా జారిందో, దానికి ఈ గడ్డ ఏమిచ్చుకుందో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు. మీలో సగం మంది ఆ రోజు కాకతీయ యూనివర్సిటీ రోడ్డు మీదే ఉన్నారు.

మా డిమాండ్లు

మొదటిది. ప్రకటించిన పథకం మారితే 7 రోజుల్లో ఒక పేజీ సవరణ పత్రం తెలుగులో రావాలి. అందులో నాలుగే గళ్లు: ఫలానా తేదీన ఏం చెప్పాం, ఇప్పుడు ఏం మారింది, ఎందుకు మారింది, చివరిది పాత మాట నమ్మి నష్టపోయింది ఎవరు, వాళ్లకు ఏమిస్తాం అన్నది. నాలుగో గడి ఖాళీగా ఉంటే ఆ పత్రం చెల్లదు. "అధికారులు తప్పుదోవ పట్టించారు", "మీరు అపార్థం చేసుకున్నారు", "గత ప్రభుత్వం వల్ల" అన్నవి మూడో గడిలో రాయొద్దు. గత ప్రభుత్వమే కారణమైతే ఏ జీవో, ఏ తేదీ అన్నది నంబర్‌తో రాయండి. గ్రామపంచాయతీ, రైతువేదిక, సహకార సంఘం నోటీసు బోర్డుల మీద అంటించాలి.

రెండోది. పంటల మీద సర్కారు సలహా వానాకాలానికి ఏప్రిల్ 30లోపు, యాసంగికి సెప్టెంబర్ 30లోపు రావాలి. తర్వాత మారితే పాత సలహా పాటించినవాళ్లకు పరిహారం, పంట నమోదు ఆధారంగా, అడగకుండానే ఖాతాలో పడాలి.

మూడోది. ప్రతి పథకం జీవోలోనే తప్పు దిద్దే అధికారి ఎవరు, ఎన్ని రోజుల్లో, తిరస్కరిస్తే అప్పీలు ఎవరికి అన్న మూడు వాక్యాలుండాలి. సాఫ్ట్‌వేర్ మొదటి రోజే సవరణ ఆప్షన్‌తో రావాలి, ఆరు నెలలకు కాదు. మిగతావన్నీ పోయినా ఈ ఒక్కటి ఇవ్వండి.

నాలుగోది. జీవోను నమ్మి 2 లక్షల పైమొత్తం కట్టిన రైతుల జాబితా, 5 గుంటల్లోపు భూమి వల్ల కూలీ సాయం పోయినవాళ్ల జాబితా మండలాలవారీగా బయట పెట్టండి. ఇవి రెండూ కొత్తగా సర్వే చేయాల్సిన పని కాదు, ఉన్న డేటాను జల్లెడ పట్టడమే.

ఐదోది పార్టీలకు. ఎల్‌ఆర్‌ఎస్, వడ్ల బోనస్, కౌలుదారు సాయం, మేడిగడ్డ మరమ్మతు: ఈ నాలుగింటి మీద అధికారంలో ఉన్నప్పుడు మీ పార్టీ మాట, లేనప్పుడు మీ పార్టీ మాట పక్కపక్కన రాసి జిల్లా అధ్యక్షుడి సంతకంతో ఇవ్వండి. తేడా ఉంటే కారణం రాయండి. కారణం సబబైతే మేమే ఊరూరా చెబుతాం.

ఒక మాట మాకు మేమూ, మీ సోషల్ మీడియా కుర్రాళ్లకూ చెప్పుకోవాలి. ఏ నాయకుడైనా పొరపాటైందంటే ఆ 15 సెకన్ల ముక్క కోసి, వెనక పాట పెట్టి, గ్రూపుల్లో తిప్పుతున్నది మనమే. ఒప్పుకున్నవాడికి శిక్ష, బుకాయించినవాడికి దండ అయితే ఎవడు ఒప్పుకుంటాడు? ఎవరైనా ఆ సవరణ పత్రం మీద సంతకం పెడితే, ఏ పార్టీ అయినా సరే, దాన్ని ఎగతాళికి వాడబోమని ఈ లేఖ రాసిన మేం మాటిస్తున్నాం. మిగతా పార్టీలు కూడా ఆ మాటివ్వాలి.

ఈ లేఖ కాపీలు హనుమకొండ, వరంగల్, జనగామ, మహబూబాబాద్, ములుగు, భూపాలపల్లి జిల్లాల్లోని అన్ని పార్టీల ఆఫీసులకు ఇస్తున్నాం. 30 రోజులు చూస్తాం. వచ్చిన జవాబులు వచ్చినట్టే, అక్షరం మార్చకుండా గ్రామసభల్లో చదివిస్తాం. రానివారి పేరు ఎదురుగా "జవాబు రాలేదు" అని రాసి చదివిస్తాం. జవాబు రెండు వాక్యాలైనా చాలు. కింద సంతకం, తేదీ ఉండాలి.

ఇట్లు,
ఉమ్మడి వరంగల్ జిల్లా విశ్రాంత ఉద్యోగులు కొందరు, రైతులు
హనుమకొండ